ఆదివారం దొర

అక్కా,

ఈ ఉత్తరం అమ్మ ముందు విప్పకు. వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపేసుకుని చదువు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నువ్వు ఫోను స్పీకర్లో పెట్టి కూరగాయలు తరుగుతూ మాట్లాడే మనిషివి, పక్క గదిలో అమ్మ చెవులు రిక్కించుకుని కూర్చునే మనిషి. నీ నోట్లో మాట దాగదని తెలిసీ నీకే రాస్తున్నాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

షాపు తెరిచిన రోజు నువ్వు వచ్చి చూశావు కదా, ఎంత డప్పు కొట్టుకున్నానో. బయట బోర్డు మీద పెద్దక్షరాలతో 'ఆదివారం దొర టైలర్స్'. లోపల గోడ నిండా తాతయ్య. రెండు వరసల ఇత్తడి గుండీల కోటులో తాతయ్య. లోపల ఎర్ర అస్తరు వేసిన పొడుగాటి గారడీవాడి అంగీలో తాతయ్య. జడ్జీల నల్లకోటులో గెడ్డం పైకెత్తి తాతయ్య. తెల్లసూటు వేసుకుని, జేబుకి పువ్వు గుచ్చుకుని, పెళ్ళికొడుకులా తాతయ్య. అన్నిటికీ మధ్యన, అన్నిటికన్నా పెద్ద ఫ్రేములో, ఎనిమిదేళ్ళ మన అమ్మ చెయ్యి పట్టుకుని తాతయ్య. అమ్మ ఒంటి మీద అంచున బాతులు కుట్టిన గౌను. ఆ గౌను చూసే సగం మంది ఆడవాళ్ళు షాపులోకి వస్తున్నారు, మా పిల్లకీ ఇలాంటిది కుట్టిపెట్టండి అని.

మనకి తెలిసిన తాతయ్య వేరు. ఎండైనా వానైనా అదే బూడిదరంగు చొక్కా, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఫోటోల్లో తాతయ్యని మనం అమ్మ నోట విన్నాం. వారమంతా మిషను మీద వంగి ఉన్న దర్జీ, ఆదివారం సాయంత్రం దొరలా తయారై వంతెన అవతలి పేటలో షికారు చేసేవాడట. వెండి పిడి చేతికర్ర తిప్పుకుంటూ వెళ్తుంటే పోలీసు సెల్యూట్ కొట్టాడట. ఆ ఇత్తడి గుండీల బ్యాండు కోటు వేసుకున్న రోజు, పార్కులో వాయిస్తున్న బ్యాండు వాళ్ళకి మాస్టారు రాలేదని ఈయన్నే వేదిక ఎక్కించేస్తే, ఒక్క ముక్క సంగీతం రాకపోయినా గంటసేపు కర్ర ఊపి, చప్పట్లు కొట్టించుకుని దిగి వచ్చాడట. అమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా మనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. తాతయ్య మాత్రం గుండీల కాజాలు మిగిలాయంటూ లేచి వెళ్ళిపోయేవాడు, గుర్తుందా? గొప్పలు చెప్పుకోవడం ఇష్టం లేని మనిషి అనుకున్నాం. ఇక అన్నిటికన్నా గొప్ప సంగతి, ఒకసారి తొడిగిన కోటు మళ్ళీ తొడిగేవాడు కాదట, మర్నాడే ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడట. ఆ మాటని అట్ట మీద అందంగా రాయించి అద్దాల్లో పెట్టాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చదువుతారు.

మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. మబ్బు లేకపోయినా చేతిలో గొడుగు. ఈ వీధిలో అందరూ ఆవిణ్ణి గొడుగావిడ అనే అంటారు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. పాత కోటుకి అస్తరు మార్చాలని వచ్చింది. నేను కొలతలు తీసుకుంటుంటే మాట మధ్యలో ఆగిపోయింది. నేరుగా గోడ దగ్గరకి వెళ్ళి, అమ్మ ఫోటో అద్దానికి ముక్కు ఆనేలా నిలబడింది. నా వైపు తిరక్కుండానే "ఈ గౌను నాది" అంది.

నా సంగతి నీకు తెలుసుగా, అగ్గిమీద గుగ్గిలమయ్యాను. బాతులున్న గౌన్లు లోకంలో ఇదొక్కటే ఉందా, మా తాతయ్య స్వయంగా కుట్టాడు, తెలిసీ తెలియకుండా మాట్లాడకండి అన్నాను. ఆవిడ కోప్పడలేదు. కుట్టింది మీ తాతే, బాతులు మాత్రం మా అమ్మవి, చివరి బాతు వెనక్కి చూస్తోందా లేదా చూడు అంది. చూశాను. మూడు బాతుల్లో రెండు ముందుకి నడుస్తున్నాయి, మూడోది మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఆ ఫోటో తుడుస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. ఎక్కడికి వెళ్ళినా వెనకబడి దిక్కులు చూసే పిల్ల కనుక, చివరి బాతు నువ్వే అని వాళ్ళమ్మ అనేదట.

అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ జబ్బుతో మంచం పట్టి, పడుకునే ఆ గుడ్డ మీద బాతులు కుట్టిందట. పిల్ల పుట్టినరోజు ఆదివారం. ఈ పిల్ల ఆ గౌను వేసుకుని ఎదురుగా నిలబడితే చూడాలని ఆవిడ కోరిక. శనివారం తండ్రీ కూతురూ షాపుకి వస్తే తాతయ్య కాజాలు మిగిలిపోయాయి, సోమవారం రండి అన్నాడట. పిల్ల ఏడ్చిందట. ఆదివారం పాత గౌనుతోనే గడిచింది. సోమవారం గౌను చేతికొచ్చేసరికి వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. ఈవిడ ఆ గౌను ఒక్కసారి కూడా తొడుక్కోలేదట, పిన్ని ఎవరికో ఇచ్చేసిందట. ఇదంతా అంకెలు చదివినట్టు చెప్పి, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట అంది.

"మా అమ్మ నన్ను ఆ గౌనులో చూడలేదు. మీ అమ్మని ఊరంతా చూసింది."

అక్కా, ఆ క్షణంలో నేల చీలితే దూరిపోదును. ఆవిడ వెళ్ళాక షట్టరు సగం దించి, మిగతా ఫోటోలన్నీ మొదటిసారి చూసినట్టు చూశాను. బ్యాండు కోటు భుజాలు తాతయ్య భుజాల కన్నా బెత్తెడు బయటికి ఉన్నాయి. జడ్జీ కోటు పొట్ట దగ్గర పట్టేసి గుండీలు విలవిల్లాడుతున్నాయి. తెల్లసూటు చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. నేను దర్జీనే! కొలత తప్పిన కోటుని వీధి అవతల నుంచి పట్టేస్తాను. మన తాతయ్యది అనుకున్నాను కాబట్టి ఒక్కసారి కూడా కొలత చూడలేదు. ఒకసారి తొడిగింది మళ్ళీ ఎందుకు తొడగలేదో తెలిసిందా? సోమవారం పొద్దున్నే సొంతదారు వస్తాడు కాబట్టి. దానం చేశాడని అట్ట మీద రాయించి పెట్టాను చూడు, నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి.

బోర్డు దింపించేస్తున్నాను. ఫోటోలు తీసేస్తాను. షాపుకి ఇంకేదో పేరు పెట్టుకుంటాను, పేరు లేకపోయినా పరవాలేదు. నా బాధల్లా అమ్మ గురించే. అమ్మకి వాళ్ళ నాన్నంటే ప్రాణం. ఆ గౌను తనకోసమే కుట్టాడని ఈ వయసులోనూ మురిసిపోతుంది. ఇది తెలిస్తే ఏమైపోతుందో. గోడలకి రంగులు వేయిస్తున్నానని, అందుకే ఫోటోలు తీశానని చెబుతాను. నువ్వు అవునను చాలు, ఇంకేమీ కల్పించకు. నీకు అబద్ధం ఆడటం రాదు.

నీ చిటపట

*

చిట్టితల్లీ,

అక్క మీద కోప్పడకు. మన ఇంట్లో వంటింటి తలుపు వేసుకున్నవాళ్ళు ఎప్పుడైనా ఉన్నారా? తలుపు పడగానే ఏదో జరిగిందని తెలిసింది. తీసి చూస్తే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, అది ఉత్తరం పట్టుకుని ఏడుస్తోంది. నేనే లాక్కుని చదివాను.

నాకు తెలిస్తే ఏమైపోతానో అని రాశావు. నాకు ఆ రోజే తెలుసమ్మా.

ఆ శనివారం నేను షాపులోనే ఉన్నాను. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు, మధ్యలో తెర. ఆ పిల్లదీ నాదీ ఒకటే కొలత, అందుకని నాన్న గౌను నాకు తొడిగి అంచు సరిచూస్తున్నాడు. కాజాలన్నీ అయిపోయాయి, గుండీలు కూడా పడ్డాయి. వాళ్ళు రావడం చూసి నన్ను తెర వెనక్కి నెట్టాడు. నేను ఆ గౌనులోనే, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తెర కింద నుంచి ఆ పిల్ల చెప్పులు కనబడుతున్నాయి. రేపు నా పుట్టినరోజండీ అని అంటోంది. నాన్న ఎంత తియ్యగా చెప్పాడో, సోమవారం పొద్దున్నే మొదటి పని నీదేనమ్మా అని. ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ఏమనిపించిందో రాయనా? హమ్మయ్య, రేపు గౌను నాకే అనిపించింది. నాన్న చేసింది తప్పని మీ అమ్మమ్మ సిగ్గుపడేది, ఒక్క ఆదివారం కూడా మాతో షికారుకి రాలేదు. ముభావమైన మనిషి, సరదా తెలీదు అని మీరంతా అనుకునేవారు కదా. ఆవిడకున్న సిగ్గు నాకు లేకపోయింది. ఆ ఆదివారం నేను సిగ్గుపడలేదు, మహా సంతోషంగా ఉన్నాను, ఫోటోలో నా ముఖం చూడు. అదే నా సిగ్గు. అప్పటినుంచీ మోస్తున్నాను.

ఆ పిల్ల తల్లి పోయిందని వారం తిరక్కుండా తెలిసింది. నాన్న ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత మరి ఆదివారాలు లేవు. చేతికర్ర అటక మీదకి వెళ్ళింది, బూడిదరంగు చొక్కా ఒంటి మీదకి వచ్చింది. ఆ పిల్ల వీధిలో కనబడితే నాన్న లోపలికి వెళ్ళిపోయేవాడు, ఆయన వెనకే నేనూ వెళ్ళిపోయేదాన్ని. నాన్న ఆ ఫోటో చింపబోతే మీ అమ్మమ్మ ఆయన చేతిలోంచి లాక్కుంది. చింపకండి, ఇది ఆ పిల్లకి చెందాల్సింది అంది. అని పెట్టెలో దాచింది. ఇవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నువ్వు షాపు గోడకి కావాలని అడిగినప్పుడు కాదనలేకపోయాను. ఎలా కాదంటాను? కోట్లు దానం చేసేవాడన్న కథ అల్లి మీకు చెప్పింది నేనే. మీరు అడిగేవారు, ఆ కోట్లన్నీ ఏవమ్మా అని. ఏదో ఒకటి చెప్పాలిగా. నేను ఆ కథ ఎత్తుకుంటే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు, కాదని మాత్రం ఏనాడూ అనలేదు. ఇద్దరం దొంగలమే.

ఇప్పుడు ముఖ్యమైనది చెబుతాను, ఇందుకే రాస్తున్నాను. ఆ గౌను మీద బాతులు మూడు కాదు, నాలుగు. పెరిగే పిల్ల అని అంచు బాగా ఎక్కువ మడిచి కుట్టమని ఆ పిల్ల తల్లి చెప్పి పంపిందట. ఆ మడత లోపల, ఎవరికీ కనబడని చోట, ఇంకో బాతుపిల్లని కుట్టింది. పిల్ల పొడుగయ్యాక మడత విప్పుతారు కదా, అప్పుడు బయటికి వస్తుందని. నాన్న అది నాకు చూపించి, చూడవే ఎంత చక్కటి ఆలోచనో అని పొంగిపోయాడు. అంత పొంగిపోయినవాడు కూడా మర్నాడు దాన్ని నాకు తొడిగి తిప్పాడు. వచ్చే ఏడు తను ఉండదని ఆవిడకి తెలుసు కాబోలు. అది మాకు తర్వాత తట్టింది. నాన్న ఆ పిల్లకి ఈ సంగతి చెబుదామని ఎన్నోసార్లు బయల్దేరాడు, వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఆవిడ తొడుక్కోకుండానే గౌను పిన్ని ఇచ్చేసిందని నువ్వు రాశావు. అయితే ఆవిడకి ఈనాటికీ తెలీదు.

రంగులు కూడా రాస్తున్నాను, ఫోటోలో తెలియవు కదా. మొదటి రెండు బాతులూ పసుపు. మూడోదానికి పసుపు దారం చాలక మెడ దగ్గర నుంచి నారింజ. కళ్ళు ఎర్ర దారపు ముడులు. లోపలి పిల్ల మొత్తం నీలం. ఒక రోజంతా ఆ అంచు నా చేతిలోనే ఉంది, కళ్ళు మూసుకున్నా కనబడుతుంది. రెండు రోజులు కూర్చుని నాలుగు బాతుల్నీ గుడ్డ మీద కుట్టాను, మడిచి, తేలిగ్గా ఊడేలా పైన పచ్చికుట్టు వేసి పంపిస్తున్నాను. వేళ్ళు వంగడం లేదు, వంకర పోయింది. ఆవిడకి ఇవ్వు. నన్ను తిడితే తిట్టనీ, నువ్వు మధ్యలో నోరు చేసుకోకు.

మీ అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరం, గుడ్డా అందాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను, కంగారు పడకుండా చదువు.

నీ ఉత్తరం రాకముందే బోర్డు దింపించేశాను, ఫోటోలన్నీ ఇస్త్రీ బల్ల కింద గోడవైపు తిప్పి పెట్టేశాను. పాపం కడిగేసుకున్నట్టు నాకు కాస్త తేలిక అనిపించింది కూడా. మర్నాడు గొడుగావిడ వచ్చింది. కోటు కోసం అనుకుని అస్తరు వేసిన కోటు ముందు పెట్టాను, డబ్బు వద్దన్నాను. ఆవిడ కోటు వంక చూడనే లేదు. సంచిలోంచి భూతద్దం తీసి గోడ వైపు తిరిగింది. గోడకి మేకులు తప్ప ఏమీ లేవు.

నా మీద ఇంతెత్తున లేచింది. ఎవరు తియ్యమన్నారు అంది. మీకు బాధగా ఉంటుందని తీసేశాను అన్నాను. నీకు సిగ్గేసింది కాబట్టి తీశావు, నా పేరు చెప్పకు అంది. ఉన్నమాటేగా. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళమ్మ చేత్తో కుట్టింది ఒక్కటంటే ఒక్కటి కూడా తన దగ్గర మిగల్లేదట. ఆ ఫోటోలో ఉన్న బెత్తెడు అంచే మిగిలిందట. ఆ రోజు తిట్టడానికి రాలేదమ్మాయ్, చూసుకోవడానికి మళ్ళీ వద్దామని వెళ్ళాను, వారమంతా భూతద్దం వెతుక్కున్నాను అంది. బల్ల కింద దూరి ఫోటో తీస్తుంటే, ఫ్రేము మీద పడ్డ నూలుపోగులు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తన కొంగుతో అద్దం తుడిచి, కుర్చీ లాక్కుని, మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చుంది. నేను మిషను తొక్కకుండా కాజాలు చేతికుట్టు వేసుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మళ్ళీ వచ్చేసరికి నీ ఉత్తరం చేతికొచ్చింది. చదివి వినిపించాను. 'హమ్మయ్య, రేపు గౌను నాకే' అన్న చోట ఆగి, దాటేద్దామనుకున్నాను. ఆవిడ కనిపెట్టి, ఉన్నదున్నట్టు చదువు అంది. చదివాను. ఆవిడ ముఖం చూసే ధైర్యం లేక కాగితం వైపే చూస్తూ చదివాను. బాతుపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆపమని చెయ్యి చూపించింది. గుడ్డ ఇవ్వమంది, కుట్టు విప్పే కత్తి అడిగింది. నేను విప్పుతానంటే ఒప్పుకోలేదు. పచ్చికుట్టు ఒక్కొక్కటే తెంపుకుంటూ వెళ్ళింది. మడత విడగానే నీలం పిల్ల బయటపడింది.

వేలితో దాన్ని నిమురుతూ కూర్చుంది. తర్వాత, మా అమ్మ కుట్టు ఇంత వంకరగా ఉండేది కాదు అంది. మా అమ్మకి వేళ్ళు వంగవండీ అన్నాను. తెలుస్తోంది అంది. నీలం అని ఖాయంగా గుర్తుందా మీ అమ్మకి అని రెండుసార్లు అడిగింది. వాళ్ళింట్లో నీలం దారపు ఉండ ఒకటి ఉండేదట, దేనికి కొన్నారో ఎవరికీ తెలిసేది కాదట. అప్పుడు ఏడ్చింది. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తేవడానికి కావాలనే ఆలస్యం చేశాను.

క్షమించిందేమో అని నువ్వు ఎదురుచూస్తావని తెలుసు. లేదమ్మా, క్షమించలేదు. మీ తాతని ఈ జన్మకి క్షమించను, ఆయన లోపలికి వెళ్ళిపోవడం నేను చూస్తూనే ఉండేదాన్ని అని ముఖం మీదే చెప్పింది. నేను కూడా ఆయన తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని నాకు అనిపించకపోవడం ఇదే మొదటిసారి. బోర్డు సంగతి అడిగితే, ఎక్కించుకో, ఉన్నమాట రాసి ఎక్కించుకో అంది. అద్దాల్లో ఆ దానం అట్ట చింపేశాను. ఇప్పుడు ఒక్కో ఫోటో కింద చీటీ అంటించాను. ఈ కోటు బ్యాండు మాస్టారిది. ఈ అంగీ గారడీవాడిది. తెల్లసూటు ఎవరిదో తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పగలరు అని రాశాను. నీ ఫోటో కింద చీటీ ఆవిడే రాసి ఇచ్చింది. 'బాతులు మా అమ్మవి.' అంతే రాసింది.

వెళ్ళబోతూ నీ గురించి అడిగింది. ఆ శనివారం తెర కింద రెండు పాదాలు ఆవిడ కూడా చూసిందట. చెప్పుల్లేని పాదాలు, తన ఈడు పిల్లవి. ఏడుస్తూనే వాటి వైపు చూసిందట. ఆ పిల్ల బయటికి వస్తే బావుణ్ణు, కాసేపు ఆడుకుందును అనుకుందట.

అమ్మా, ఆ గౌనుని దగ్గర్నుంచి చూసినవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు. ఇంకా ఏమేం గుర్తున్నాయో అడగాలంది ఆవిడ. మెడ దగ్గర పట్టీ ఉండేదా, గుండీలు ఏ రంగు, బాతుల కింద నీళ్ళు కుట్టి ఉన్నాయా అని. నీ మోకాళ్ళ సంగతి చెప్పాను, ప్రయాణం కుదరదండీ అన్నాను. అయితే నేనే వెళ్తాను, ఇంటికి దారి రాసివ్వు అంది. రాసిచ్చాను. వచ్చే ఆదివారం పొద్దున బండికి బయల్దేరుతోంది. గొడుగు పట్టుకుని వస్తుంది, గుర్తుపట్టడం కష్టం కాదు.

తలుపు తియ్యడానికి అక్కని పంపకు. ఈసారి తెర వెనక నిలబడకమ్మా.

నీ చిటపట